సముద్రం దాటే పాటలో స్త్రీ వాటా

(జానపద కళాకారిణులతో పనిచేస్తున్న స్త్రీల సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అంతర్జాతీయ సంగీత ఉత్సవాల్లో స్త్రీలు సంబంధాలు ఎలా ఏర్పరచుకోవాలన్నది ఈ రోజు నాకు ఇచ్చిన అంశం. ఇది వినగానే మీలో కొందరికి అనుమానం వచ్చి ఉంటుంది. కూలిరేట్ల గురించి, వరకట్నం గురించి, గృహహింస చట్టం గురించి మాట్లాడుకునే మనకు, ఎక్కడో విదేశాల్లో జరిగే సంగీత ఉత్సవాలతో పనేమిటి అని. మొదట్లో నాకూ ఆ అనుమానమే ఉండేది. అది పోగొట్టింది ఒక ముసలమ్మ.

కొన్నేళ్ల క్రితం ఒక ఊళ్లో నాట్లు వేసే ఆడవాళ్ల పాటలు సేకరిస్తున్నాం. ఆ ఊళ్లో అందరికంటే ఎక్కువ పాటలు తెలిసిన ఆమెకు డెబ్బై ఏళ్లు దాటాయి. మేం కూర్చుని ఉండగా ఆమె మనవడు వచ్చి ఫోన్‌లో ఒక పాట పెట్టాడు. డ్రమ్ములు, కీబోర్డు కలిపారు కానీ, పాడుతున్న గొంతు ఆమెదే. ఎప్పుడో ఎవరో పట్నం నుంచి వచ్చి రికార్డు చేసుకుని, ఒక చీర పెట్టి, చేతిలో వంద రూపాయలు ఉంచి వెళ్లారట. ఆ పాట విదేశాల్లో కూడా అమ్ముతున్నారని మనవడు చెప్పాడు. పాట కింద సంగీతం కూర్చినవాళ్ల పేరుంది, డ్రమ్ములు వాయించిన అబ్బాయి పేరుంది. పాడిన మనిషి పేరు ఉండవలసిన చోట "జానపదం" అని ఉంది. ఆమె నావైపు తిరిగి, "గొంతు నాదే గద బిడ్డా, మరి నా పేరెటువోయింది?" అని అడిగింది.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. జవాబు వెతుక్కుంటూ వెళితే పాట ఒక సరుకుగా సముద్రం దాటే వ్యవహారం మొత్తం తెలుసుకోవలసి వచ్చింది. అందులో నాకు తెలిసినంత మీతో పంచుకుంటాను.

ఇది హక్కుల విషయమే

1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో 27వ అధికరణం రెండు మాటలు చెబుతుంది. సమాజపు సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు ప్రతి మనిషికీ ఉందన్నది మొదటిది. తన సృజన వల్ల వచ్చే నైతిక, భౌతిక ప్రయోజనాలకు రక్షణ పొందే హక్కు ప్రతి మనిషికీ ఉందన్నది రెండోది. 1979లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన స్త్రీల పట్ల వివక్ష నిర్మూలన ఒప్పందం, మనం సీడా అంటున్నదే, 13వ అధికరణంలో సాంస్కృతిక జీవితంలోని అన్ని రంగాల్లోనూ స్త్రీలు సమానంగా పాల్గొనాలని చెప్పింది. దీనిని భారతదేశం 1993లో ఆమోదించింది.

మొదటి హక్కు గురించి మనం అంతో ఇంతో మాట్లాడుతున్నాం. ఆడపిల్ల వేదిక ఎక్కి పాడాలి, డప్పు కొట్టాలి అంటున్నాం. రెండో హక్కు గురించి దాదాపు మాట్లాడటం లేదు. వేదిక ఎక్కిన స్త్రీకి పేరు, డబ్బు, ముందు ముందు వచ్చే అవకాశం ఎవరి చేతిలో ఉంటున్నాయి? నా ప్రసంగమంతా ఈ ప్రశ్న గురించే.

బొంబాయికి వచ్చిన గాయని

ముందుగా తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ అనే చిన్న ద్వీపం కథ చెప్పాలి. మన పడమటి తీరానికీ దానికీ శతాబ్దాల తరబడి తెరచాప ఓడల వ్యాపారం నడిచింది. అక్కడ తారాబ్ అనే సంగీతం ఉంది. అది ముందు సుల్తాను కొలువులో అరబ్బీ భాషలో సాగిన సంగీతం. దాన్ని సామాన్యుల స్వాహిలీ భాషలోకి తెచ్చి పేరు పొందిన స్త్రీ సితీ బింతి సాద్. 1880 ప్రాంతంలో ఫుంబా అనే పల్లెలో బానిసత్వపు నేపథ్యం ఉన్న పేద కుటుంబంలో పుట్టింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు మ్తుమ్వా. ఆ మాటకు స్వాహిలీలో బానిస అని అర్థం. తల్లి చేసిన కుండలు నెత్తిన పెట్టుకుని వీధి వీధి తిరుగుతూ, కేకలు వేస్తూ అమ్మేది. ఆ కేకల్లోనే గొంతు తేలిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1911 ప్రాంతంలో పట్నం చేరి సంగీతం నేర్చుకుంది. ఆ తర్వాతే ఆమెకు సితీ, అంటే గౌరవనీయురాలైన స్త్రీ, అన్న పేరు వచ్చింది.

1928లో ఆమె తన బృందంతో బొంబాయికి వచ్చి హెచ్.ఎం.వి. కంపెనీకి రికార్డులు ఇచ్చింది. తూర్పు ఆఫ్రికా నుంచి గ్రామఫోన్ రికార్డు ఇచ్చిన తొలి గాయనిగా ఆమెను చెప్పుకుంటారు. అంటే ఒక నల్లజాతి పేద స్త్రీ గొంతు ప్రపంచపు అంగడిలోకి అడుగుపెట్టింది మన దేశపు రేవు నుంచే.

ఆమె పాడినవి ప్రేమ పాటలు మాత్రమే కావు. "కిజితి" అనే ఆమె పాట ఒక నిజ సంఘటన మీద కట్టింది. బయటి ఊరి నుంచి జాంజిబార్ వచ్చిన ఒక స్త్రీ మీద అత్యాచారం చేసి చంపేశారు. నిందితుడు ద్వీపం దాటి పారిపోయాడు. కోర్టు మాత్రం ఆమెతో ఉన్న స్నేహితురాళ్లనే తప్పుపట్టి శిక్షించింది. ఆ అన్యాయాన్ని సితీ పాటలో నిలదీసింది. మన పోలీసు స్టేషన్లలో, కోర్టుల్లో మనం చూస్తున్నది కూడా ఇదే కదా. కోర్టులో గెలవని స్త్రీల మాట పాట రూపంలో ఊరూరా వినిపించింది. అందుకే పాట ఎంత దూరం వెళుతుందన్నది వ్యాపారులకు మాత్రమే పట్టవలసిన విషయం కాదని నేనంటున్నాను.

ఆమె 1950లో చనిపోయింది. ఆమె దగ్గర పాట పట్టుకున్న మరొక స్త్రీ బీ కిదూదే, అసలు పేరు ఫాతుమా బింతి బరాకా. ఈడేరిన ఆడపిల్లలకు స్త్రీలు జరిపే ఉన్యాగో అనే తంతులో డోలు వాయిస్తూ, పాడుతూ, సంసారం గురించి, శరీరం గురించి బోధించడం ఆమె పని. సభల్లో ముసుగు తీసేసి పాడింది. బహిరంగంగా సిగరెట్టు కాల్చింది. పెద్ద వయసులో ప్రపంచమంతా తిరిగింది. 2005లో వోమెక్స్ అనే అంతర్జాతీయ సంగీత సంస్థ ఆమెకు అవార్డు ఇచ్చింది. 2013 ఏప్రిల్ 17న ఆమె కన్నుమూసింది.

షోకేస్ ఉత్సవం అంటే ఏమిటి?

వోమెక్స్ అన్నాను కనుక అది ఏమిటో చెప్పాలి. 1994లో బెర్లిన్‌లో మొదలై, ఏటా యూరప్‌లోని ఏదో ఒక నగరంలో జరుగుతున్న సంగీత సంత అది. మన పశువుల సంతలాగే అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, దళారులు అందరూ ఒకచోట చేరతారు. ఇతర ఉత్సవాల నిర్వాహకులు, రికార్డు కంపెనీలవాళ్లు, బుకింగ్ ఏజెంట్లు, రేడియోవాళ్లు, పత్రికలవాళ్లు కలిపి రెండు వేలకు పైగా వస్తారు. పగలు స్టాళ్ల దగ్గర మాటలు, బేరాలు. రాత్రి ప్రదర్శనలు. ఒక్కొక్క బృందానికి దొరికేది సుమారు ముప్పావు గంట. ఎవరు ప్రదర్శన ఇవ్వాలో ఏడుగురు సభ్యుల కమిటీ తేలుస్తుంది. ఏటా ఆ సభ్యులు మారతారు.

మామూలు ఉత్సవానికి, దీనికి తేడా ఉంది. మామూలు ఉత్సవంలో మన ముందు కూర్చున్నది పాట వినడానికి వచ్చిన జనం. షోకేస్‌లో కూర్చున్నది వచ్చే ఏడాది తమ ఉత్సవానికి ఎవరిని పిలవాలా అని లెక్కలు వేసుకుంటున్న మనుషులు. చప్పట్లు పెద్దగా పడకపోవచ్చు. రెండు పాటలు విని లేచి పక్క హాలుకు పోతారు. దాన్ని అవమానంగా తీసుకోకూడదని మనవాళ్లకు ముందే చెప్పాలి. అక్కడ ఫలితం చప్పట్లలో కనిపించదు. మరుసటి రోజు స్టాలు దగ్గరికి ఎంతమంది వచ్చి తేదీలు అడిగారన్న దానిలో కనిపిస్తుంది.

ఆఫ్రికా దేశాలవాళ్లు ఇలాంటి సంతలు తమ గడ్డ మీదే పెట్టుకోవాలనుకున్నారు. ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్‌లో 1993లో మాసా మొదలైంది. మొరాకోలోని రబాత్‌లో 2014లో మొదలైన దానికి "వీసా ఫర్ మ్యూజిక్" అని పేరే పెట్టారు. కళాకారులకు అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఏమిటో ఆ పేరే చెబుతోంది. సితీ పుట్టిన జాంజిబార్‌లో 2004 నుంచి ఏటా ఫిబ్రవరి నెలలో, స్టోన్ టౌన్‌లోని పాత కోటలో "సౌతీ జా బుసారా" జరుగుతోంది. వివేకపు గొంతులు అని ఆ పేరుకు అర్థం. డబ్బు సమకూరక 2016లో జరపలేకపోయారు, మళ్లీ నిలబెట్టుకున్నారు. బయటి నుంచి వచ్చిన నిర్వాహకులు, స్థానిక కళాకారులు కూర్చుని మాట్లాడుకునే సమావేశాలు కూడా ఆ ఉత్సవంలో భాగమే. 2020లో ఆ ఉత్సవం ఎత్తుకున్న నినాదం స్త్రీలపై హింసకు వ్యతిరేకంగా గొంతెత్తమని.

ఇలాంటి పనికి ఫలితం ఎప్పుడు వస్తుంది? వెంటనే మాత్రం రాదు. సితీ మునిమనవరాలు సితీ ముహారమ్ ఆ తారాబ్ పాటలనే పాడగా, లండన్‌లోని ఒక రికార్డు కంపెనీ 2020లో విడుదల చేసింది. ముత్తవ్వ బొంబాయి రికార్డులకూ దీనికీ మధ్య తొంభై రెండేళ్లు గడిచాయి.

ఎవరు మాట్లాడతారు?

ఇక స్త్రీల విషయానికి వద్దాం. షోకేస్‌లో పాట ముగిశాక ఒక నిర్వాహకుడు వచ్చి, "జూలైలో మీకు వీలవుతుందా? ఎంత తీసుకుంటారు?" అని అడుగుతాడనుకుందాం. జవాబు ఎవరు చెబుతారు? నేను చూసిన బృందాల్లో చాలాసార్లు భర్తో, అన్నో, హార్మోనియం వాయించే మగమనిషో చెబుతాడు. వచ్చిన కార్డు ఆయన జేబులోకి పోతుంది. ఫోన్ నంబరు ఆయనది. బ్యాంకు ఖాతా ఆయనది. రేపు ఆయనకూ ఆమెకూ పడకపోతే, ఆమె దగ్గర గొంతు ఒక్కటే మిగులుతుంది. ఇరవై ఏళ్లు పాడి సంపాదించిన పరిచయాలన్నీ ఆయన దగ్గరే ఉండిపోతాయి.

మనం భూమి పట్టాలో స్త్రీ పేరు ఉండాలని పోరాడాం. ఈ రంగంలో పరిచయాలే భూమి. పిలిచేవాళ్ల పేర్లు, చిరునామాలు, ఏ ఉత్సవం ఏ నెలలో జరుగుతుంది, ఎవరికి ఎలాంటి పాట నచ్చుతుంది అన్న వివరాలు రాసిపెట్టుకున్న పుస్తకమే ఆస్తి. అది ఆమె పేరున, ఆమె చేతిలో ఉండాలి. ఇంగ్లీషు రాదు కదా అంటారు. రాకపోతే ఏం? మనలో ఒకరు పక్కన కూర్చుని తెలుగులో చెప్పవచ్చు. అయితే నిర్ణయం ఆమె నోటి నుంచి రావాలి. మన సంస్థల గురించి కూడా ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. సహాయం పేరుతో ఆ పుస్తకాన్ని మనమే దగ్గర పెట్టుకుంటే, ఆ మగమనిషి చేసిన పనే మనమూ చేసినట్టు.

వేదికల మీద స్త్రీల సంఖ్య విషయంలో కొంత కదలిక వచ్చింది. ఇంగ్లాండులోని పి.ఆర్.ఎస్. ఫౌండేషన్ 2017లో "కీచేంజ్" అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 2022 నాటికి తమ వేదికల మీద సగం చోటు స్త్రీలకు ఇస్తామని ఉత్సవాల చేత మాట ఇప్పించింది. 2018 ఆరంభంలో 45 ఉత్సవాలు ముందుకు వచ్చాయి. తర్వాత ఆ సంఖ్య బాగా పెరిగింది. మాట ఇచ్చిన వాళ్లందరూ నిలబెట్టుకున్నారని కాదు. కానీ ఒక ఉత్సవానికి దరఖాస్తు పంపే ముందు, పోయిన ఏడాది మీ వేదిక మీద ఎంతమంది స్త్రీలు పాడారని అడిగే వీలు మనకు దొరికింది. అడగాలి.

ఖర్చు ఎవరిది, వీసా ఎవరిది?

షోకేస్‌లో పాడినందుకు డబ్బు ఇస్తారని చాలామంది అనుకుంటారు. సాధారణంగా ఇవ్వరు, ఇచ్చినా కొద్దిగా ఇస్తారు. ఇది పని కాదు, అవకాశం అంటారు. అమెరికాలోని ఆస్టిన్‌లో 1987 నుంచి జరుగుతున్న సౌత్ బై సౌత్‌వెస్ట్ అనే పెద్ద షోకేస్‌లో దరఖాస్తుకే రుసుము కట్టాలి. అక్కడ ఇచ్చే ప్రతిఫలం మరీ తక్కువని 2023లో సంగీతకారుల సంఘం ఆందోళన చేశాక దాన్ని కొంత పెంచారు. సంగీతకారులు కూడా కార్మికులే, సంఘం పెట్టి అడిగితేనే కూలి పెరిగింది. మనకు ఈ పాఠం కొత్తది కాదు.

విమానం టిక్కెట్ల ఖర్చు ఎక్కువగా కళాకారుల మీదే పడుతుంది. ఫిన్లండ్, ఐస్‌లండ్ వంటి చిన్న దేశాలు సంగీతం ఎగుమతి కోసమే ప్రత్యేక కార్యాలయాలు పెట్టుకుని తమవాళ్లను పంపుతున్నాయి. మన దేశంలో 1950లో ఏర్పడిన ఐ.సి.సి.ఆర్. విదేశాలకు కళాబృందాలను పంపుతుంది. అందుకోసం కళాకారుల జాబితా తయారుచేస్తుంది. అందులో జానపదానికి కూడా చోటుంది. ఆ జాబితాలోకి మన జిల్లాల నుంచి ఎంతమంది ఆడవాళ్ల చేత దరఖాస్తు పెట్టించామో మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.

తర్వాత పాస్‌పోర్టు. పుట్టిన తేదీ కాగితం లేదు, ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారింది. భర్త వదిలేశాడు. ఇవన్నీ మనం రోజూ చూసే సమస్యలే, కాకపోతే ఇక్కడ తేదీ తరుముకొస్తూ ఉంటుంది. పాస్‌పోర్టు తర్వాత వీసా. బ్యాంకులో డబ్బు లేని, ఒంటరిగా వచ్చే స్త్రీ తిరిగి వెళ్లదేమోనని వీసా అధికారులు అనుమానిస్తారు. 2018లో ఇంగ్లాండులో జరిగిన వోమాడ్ ఉత్సవానికి భారతదేశం నుంచి వెళ్లిన ఇద్దరు అక్కాచెల్లెళ్లు, వీసా ఆలస్యం కావడం వల్ల తమ ప్రదర్శన సమయం దాటిపోయాక చేరుకున్నారు. పేరున్న ఉత్సవం పిలిస్తేనే ఇలా జరిగింది.

యునెస్కో 2005 నాటి సాంస్కృతిక వైవిధ్య ఒప్పందంలోని 16వ అధికరణం, అభివృద్ధి చెందుతున్న దేశాల కళాకారులకు సంపన్న దేశాలు ప్రత్యేక సౌలభ్యం కల్పించాలని చెబుతోంది. వీసా నిరాకరించినప్పుడు మనం రాసే ఉత్తరంలో ఈ అధికరణాన్ని పేర్కొనాలి. దానివల్ల వీసా వచ్చి తీరుతుందని చెప్పను. మనం అడుగుతున్నది దయ కాదని మాత్రం అవతలివాళ్లకు తెలుస్తుంది.

సంతకం

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. దక్షిణాఫ్రికాలో 1939లో సాలమన్ లిండా అనే జులూ గాయకుడు "ంబూబే" అనే పాట రికార్డు చేశాడు. పది షిల్లింగులు తీసుకుని హక్కు వదులుకున్నాడు. ఆ బాణీ మీదే 1961లో అమెరికాలో "ద లయన్ స్లీప్స్ టునైట్" వచ్చింది. 1994 నాటి "లయన్ కింగ్" సినిమాలోనూ వినిపించింది. లిండా 1962లో పేదరికంలోనే చనిపోయాడు. ఆ పాట వల్ల ఎవరెవరో కోట్లు గడించారు. సొవేటోలో బతుకుతున్న ఆయన కూతుళ్లకు మాత్రం ఏమీ లేదు. చివరికి లిండా వారసుల తరఫున 2004లో కోర్టుకెక్కారు. రచయిత చనిపోయిన 25 ఏళ్లకు హక్కు వారసులకు తిరిగి రావాలని 1911 నాటి బ్రిటిష్ చట్టంలో ఉన్న నిబంధన వాళ్లకు ఆధారమైంది. 2006లో రాజీ కుదిరి వాళ్లకు వాటా దక్కింది. తండ్రి కాగితం మీద సంతకం పెట్టాడు, దానికోసం కూతుళ్లు పోరాడవలసి వచ్చింది.

మన చట్టం ఏం చెబుతుంది? 1994లో కాపీరైటు చట్టాన్ని సవరించి ప్రదర్శకుల హక్కును చేర్చారు. ప్రదర్శకులు అంటే ఎవరో చెప్పేచోట గాయకులు, వాద్యకారులతోపాటు గారడీవాళ్లు, పాములవాళ్లు కూడా ఉన్నారు. అంటే నాటు పాట పాడే మన ముసలమ్మ కూడా ప్రదర్శకురాలే. పాట ఆమె కట్టింది కాకపోవచ్చు, తరతరాలుగా వచ్చింది కావచ్చు. అయినా ఆమె పాడిన ఆ పాడటం మీద ఆమెకు 50 ఏళ్లపాటు హక్కు ఉంటుంది. ఆమె అనుమతి లేకుండా దాన్ని రికార్డు చేసి అమ్మకూడదు. 2012 సవరణతో వచ్చిన 38ఎ సెక్షన్ ప్రకారం, వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ పొందే హక్కు ఉంది. 38బి సెక్షన్ ప్రకారం, పాడింది ఫలానా స్త్రీ అని పేరు చెప్పించుకునే హక్కు ఉంది. ఆమె నన్నడిగిన ప్రశ్నకు జవాబు ఆ సెక్షన్‌లో ఉంది. ఆ హక్కు తనకుందని ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

ఇంకొక చిన్న నిబంధన గుర్తుపెట్టుకోండి. హక్కులు రాసిచ్చే కాగితంలో ఎంతకాలం అన్నది రాయకపోతే అయిదేళ్లు మాత్రమే అని, ఏ ప్రాంతం అన్నది రాయకపోతే భారతదేశం వరకే అని మన చట్టంలోని 19వ సెక్షన్ చెబుతుంది. ఇది ప్రదర్శకుల హక్కుకు కూడా వర్తిస్తుంది. ఈ సంగతి కంపెనీలకు బాగా తెలుసు. అందుకే విదేశీ అవకాశం పేరుతో వచ్చే కాగితాల్లో "ప్రపంచమంతటా, శాశ్వతంగా" అన్న రెండు మాటలు ఎక్కడో మధ్యలో ఉంటాయి. ఆ రెండు మాటలూ ఉన్నాయేమో చూసి కొట్టివేయించండి. రెండేళ్లకు, మూడేళ్లకు అని రాయించండి. ఏ దేశాల్లోనో పేర్లు రాయించండి. సంతలో నిలబడి, హడావిడిలో, వేలిముద్ర కానీ సంతకం కానీ పెట్టవద్దు. "ఊరికి వెళ్లి చదివించుకుని పంపుతాం" అంటే నిజంగా పని కావాలనుకున్నవాళ్లు ఆగుతారు. ఆగనివాళ్ల వల్ల పెద్దగా నష్టం లేదు.

పాట మారకుండా

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. బయటివాళ్లకు కొన్నిసార్లు మన పాటకంటే మన పేదరికపు ముస్తాబు ఎక్కువ నచ్చుతుంది. కేప్ వెర్దె దీవుల గాయని సెజారియా ఎవోరా చెప్పుల్లేకుండా వేదిక ఎక్కేది. 1988లో పారిస్‌లో వచ్చిన ఆమె ఆల్బమ్ పేరే "చెప్పుల్లేని గాన దేవత" అన్న అర్థంలో ఉంది. ఎవోరా తన ఇష్టంతో అలా పాడింది, 2004లో గ్రామీ అవార్డు అందుకునేదాకా ఎదిగింది. అది చూసి, మీ వాళ్లను చెప్పులు విప్పి పాడమనండి, నగలు వేసుకుని రమ్మనండి, కూలి పాట వద్దు పెళ్లి పాట పాడించండి అనేవాళ్లు వస్తారు. ఏ పాట పాడాలో, ఏం కట్టుకోవాలో పాడే మనిషి తేల్చుకోవాలి. సితీ పాడిన కిజితి పాట సంతోషపెట్టే పాట కాదు. అయినా అది ఇన్నేళ్లు నిలిచింది.

మాలీ గాయని ఊమూ సాంగరే సంగతి కూడా చెబుతాను. బహుభార్యాత్వాన్ని, బలవంతపు పెళ్లిళ్లను తన పాటల్లో తిట్టిపోసింది. ఆ పాటలతోనే ప్రపంచమంతా తిరిగింది. 2017లో వోమెక్స్ కళాకారుల అవార్డు ఆమెకు దక్కింది. స్త్రీల బాధ గురించి పాడితే బయట అమ్ముడుపోదన్న మాట నిజం కాదనడానికి ఆమె ఒక్కతే చాలు.

మనం ఏం చేయాలి?

నాలుగు పనులు మన చేతిలో ఉన్నాయి. మొదటిది, మనం పాట రికార్డు చేసిన ప్రతిసారీ పాడిన స్త్రీ పేరు, ఊరు, తేదీ రాయాలి, ఆమె అనుమతి తీసుకోవాలి. మన సంస్థల బీరువాల్లో పేర్లు లేని క్యాసెట్లు ఎన్ని ఉన్నాయో చూడండి. తప్పు మన దగ్గర కూడా ఉంది. రెండోది, పాడే ప్రతి స్త్రీకి సొంత బ్యాంకు ఖాతా, సొంత ఫోన్ నంబరు, పాస్‌పోర్టు ఉండేలా చూడాలి. పిలుపు వచ్చాక మొదలుపెడితే ఆలస్యమవుతుంది. మూడోది, బృందంలో డబ్బు పంపకం ముందే కాగితం మీద రాయాలి. పాడినవాళ్లకెంత, వాయించినవాళ్లకెంత, మాట కుదిర్చినవాళ్ల కమీషన్ ఎంత అన్నది తెలియాలి. పసిబిడ్డ తల్లి ఉంటే బిడ్డతో రావడానికయ్యే ఖర్చు కూడా అందులో ఉండాలి. ఎవరైనా వేధిస్తే ఎవరికి చెప్పాలో బయలుదేరే ముందే అనుకోవాలి. నాలుగోది, తిరిగొచ్చాక ఉత్తరాలు రాయడం. షోకేస్‌లో కలిసినవాళ్లు వంద బృందాలను చూసి ఉంటారు. వారం లోపల మన పాట, మన ఫొటో, మన పేరుతో ఒక ఉత్తరం వెళ్లకపోతే మరచిపోతారు. రెండు నెలలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి రాయాలి. అంతర్జాతీయ సంబంధాలు అన్న పెద్ద మాటకు అసలు అర్థం ఇలా విసుగు లేకుండా ఉత్తరాలు రాయడమే.

చివరగా ఆ ముసలమ్మ సంగతి. చట్టం చదువుకున్న ఒక మిత్రురాలి సహాయంతో ఆమె తరఫున మూడు ఉత్తరాలు రాశాం. మొదటి రెండింటికి జవాబు రాలేదు. మూడోదాని తర్వాత పాట కింద పాడినవారి చోట ఆమె పేరు పెట్టారు. డబ్బు గురించి ఇంకా అడుగుతున్నాం. ఆ రోజు మనవడు ఫోన్ పట్టుకుని పేరు చదివి వినిపిస్తే, ఆమె రెండుసార్లు చదివించుకుంది. తర్వాత నన్ను పిలిచి, "మరి నాతోటి కోరస్ వాడినోళ్లు ఆరుగురున్నరు బిడ్డా, ఆళ్ల పేర్లు?" అంది.

ఆ ఆరుగురి పేర్లతో మేం నాలుగో ఉత్తరం తయారుచేస్తున్నాం. మీ మీ ఊళ్లలో ఇలాంటి ఉత్తరాలు రాయవలసిన పాటలు ఏమేమి ఉన్నాయో ఇప్పుడు చర్చలో చెప్పమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.